రోడ్డు టెస్టు అన్నయ్యదే

బానెట్ లేచి రెండు నిమిషాలైనా కాలేదు, అన్నయ్య తీర్పు చెప్పేశాడు.

"థ్రాటిల్ బాడీ చాలట్లేదు మేష్టారూ. ఇంజను గాలి పీల్చే నోరే ఇరుకు, ఊపిరాడటం లేదు. పెద్దది వేసేద్దాం."

తీర్పు చెప్పడానికి ఆయనకో పద్ధతుంది. రెండు చేతులూ బండి అంచుమీద ఆనించి, తల వంచి, కళ్ళు మూసుకుని కాసేపు ఇంజను చప్పుడు వింటాడు. చూసేవాళ్ళకి ఆహా అనిపిస్తుంది. పక్కనే స్పానరు పట్టుకుని నిలబడ్డ చెల్లెలికి మాత్రం ఒళ్ళు మండుతుంది. ఆయన చెవిలో మోగేది ఇంజను చప్పుడు కాదనీ, పొద్దున స్పేరు పార్టుల కొట్టువాడు ఫోనులో చెప్పిన కమీషను మాటలనీ ఆమెకి తెలుసు.

"ఇన్నేళ్ళూ సరిపోయిన నోరు ఇవాళెందుకు చిన్నదైంది అన్నయ్యా?" అంది.

అన్నయ్య కళ్ళు తెరిచాడు. "నువ్వు లోపలికెళ్ళి ఆ ప్లగ్గుల సంగతి చూడు."

అంతే. ఇరవై రెండేళ్ళుగా ఆ షెడ్డులో ఇంజన్లు విప్పి బిగిస్తున్న మనిషిని, కస్టమరు ముందు ఈగని తోలినట్టు తోలేశాడు. ఆమె లోపలికి వెళ్ళలేదు. ప్లగ్గులు ఎక్కడికీ పోవు. స్పానరుని గుడ్డతో తుడుస్తూ అక్కడే నిలబడింది. తుడిచిందే తుడిచింది.

ఆ వీధిలో ఆమెని అందరూ సూదక్క అంటారు. ఆమె దగ్గర అరచేతి వెడల్పున గుండ్రంగా ఒక పాత గేజి ఉంది, దాన్లో ఒకే ఒక్క సూది. గేజి రబ్బరు గొట్టాన్ని ఇంజనుకి తగిలిస్తే, ఇంజను గాలి కోసం ఎంత గట్టిగా పీలుస్తోందో సూది చెబుతుంది. ఏ బండి వచ్చినా సూది పెట్టి చూడనిదే ఆమె బోల్టు ముట్టుకోదు. ఆ పేరు మర్యాదకి పెట్టారో వెటకారానికి పెట్టారో ఇప్పుడెవరికీ గుర్తులేదు.

బండి తెచ్చినాయన డ్రైవింగు మేష్టారు. అరవై దాటాయి. మెడలో విజిలు, జేబులో రెండు పెన్నులు. కౌంటరు పక్క బల్లమీద కూర్చున్నారన్న మాటే గానీ, వీధిలో ఏ బండి కాస్త దగ్గరగా వచ్చినా ఆయన కుడికాలు నేలని నొక్కుతూనే ఉంది. జన్మంతా పక్క సీట్లో కూర్చుని ఇంకొకళ్ళ కోసం బ్రేకు తొక్కిన కాలు అది.

"శుక్రవారం ఇన్స్పెక్షను," అన్నారు మేష్టారు. "కొత్త రూలు వచ్చింది కదా. గ్రౌండులో ర్యాంపు ఉండాలిట. దాని మధ్యలో బండి ఆపి, మళ్ళీ కదిలించి పైకెక్కించాలిట. అదీ నేను కాదు, నేర్చుకునేవాళ్ళే ఎక్కించాలి. ర్యాంపు కట్టించాను. బండేమో సగంలో చతికిలబడుతోంది. ఆ రోజు ఎక్కకపోతే స్కూలు మూసుకోవడమే."

"మూసుకోవడమేంటి మేష్టారూ, నేను లేనూ?" అని అన్నయ్య తాళాలు అందుకున్నాడు. "ఒక రౌండు వేసొస్తాను."

"ఎక్కడ ఆగిపోతోందో చూసి నాకు చెప్పు," అంది సూదక్క.

"రోడ్డు టెస్టయ్యాక చెప్తాలే."

ఈ మాట ఆమె ఎన్ని వందలసార్లు విన్నదో లెక్కలేదు. టెస్టయ్యాక ఆయన చెప్పేది కౌంటరు దగ్గర, కస్టమరుకి. ఆమె దాకా వచ్చేది ఏ పార్టు మార్చాలో రాసిన చీటీ. ఆ షెడ్డులో రోడ్డు టెస్టు అన్నయ్యదే. అది నాన్న పెట్టిన పద్ధతి. ఆడపిల్ల బండి కింద దూరితే ఫరవాలేదుట, స్టీరింగు ముందు కూర్చుంటే మాత్రం నలుగురూ చూస్తారుట. నాన్న పోయాడు, పద్ధతి పోలేదు. నలభై మూడేళ్ళ మనిషి, ఏ ఇంజను ఎందుకు దగ్గుతోందో కళ్ళు మూసుకుని చెప్పగల మనిషి, ఇప్పటిదాకా ఒక్క బండినీ పది గజాలైనా నడిపి ఎరగదు.

అన్నయ్య తిరిగొచ్చాడు. తాళాలు గాల్లోకి ఎగరేసి పట్టుకుంటూ, "అనుమానమే లేదు. పెడలు నేలకి ఆనించినా బండి కదల్లేదు. నోరు పెద్దది చెయ్యాల్సిందే," అన్నాడు.

"సూది పెట్టకుండా ఎలా చెప్తావు?" సూదక్క గొంతు లేచింది. "అక్కర్లేని బండికి పెద్ద నోరు పెడితే ఏమవుతుందో నీకు తెలీదా? కాలు ఆనీ ఆనకముందే ఉరుకుతుంది. అలవాటున్నవాళ్ళు సర్దుకుంటారు. నిన్నగాక మొన్న స్టీరింగు పట్టుకున్నవాళ్ళు ఆ ర్యాంపు దాటించి అవతలున్నవాళ్ళ మీదకి తోలతారు."

మేష్టారి కాలు నేలని నొక్కింది.

"సూది, సూది," అన్నాడు అన్నయ్య. "సరే, రేపు పెట్టుకో నీ సూది. దాని ముచ్చటా తీరుద్దాం."

మంగళవారం పొద్దున్నే ఆమె గేజికి పొడుగు గొట్టం తగిలించి, ఇంజను దగ్గర్నుంచి కిటికీలోంచి లోపలికి లాగింది. గేజి ఒళ్ళో పెట్టుకుని అన్నయ్య పక్క సీట్లో కూర్చుంది. మేష్టారి సీటు అది. అక్కడ కూడా ఒక క్లచ్చు, ఒక బ్రేకు ఉన్నాయి. కాళ్ళు వాటికి తగలకుండా ముడుచుకుంది.

పెద్ద థ్రాటిల్ బాడీ ఎప్పుడు వెయ్యాలన్నదానికి ఆమె లెక్క ఒకటే. గాలి వెళ్ళే ఆ గొట్టంలో ఒక రేకు బిళ్ళ తలుపులా తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది. పెడలు పూర్తిగా తొక్కితే తలుపు బార్లా తెరుచుకుంటుంది. ఎత్తు ఎక్కుతూ, కాలు నేలకానినప్పుడు సూది సున్నా మీద పడుకుందా, ఇంజనుకి గాలి చాలినంత అందుతున్నట్టే. పెద్దది వేసినా ఒరిగేదేమీ లేదు. అప్పుడు కూడా సూది సున్నాకి దిగకుండా నిలబడిందా, నోరు ఇరుకైనట్టే, మార్చాల్సిందే. ఈ పరీక్షకి తిరుగులేదు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అది ఆమెని మోసం చెయ్యలేదు.

రైలు పట్టాల మీది వంతెన ఎక్కుతుండగా అన్నయ్య పెడలు తొక్కాడు. "చూస్కో. నేలకానింది."

సూది ఊగింది. దిగింది. ఆరు దగ్గర ఆగిపోయింది.

ఆమె అద్దం మీద వేలితో తట్టింది. సూది కదల్లేదు.

"చదువు," అన్నాడు అన్నయ్య. "గట్టిగా చదువు, వినపడాలి."

"ఆరు."

"ఎంతుండాలన్నావు?"

ఆమె గొట్టం ఎక్కడైనా వదులైందేమోనని వేళ్ళతో తడిమింది.

"ఎంతుండాలన్నావే?"

"సున్నా."

వంతెన దిగేదాకా నవ్వుతూనే ఉన్నాడు. షెడ్డుకొచ్చాక కౌంటరులో ఉన్న వదినకి చెప్పి నవ్వాడు. ఫోనులో కొట్టువాడికి చెప్పి నవ్వాడు. "మా చెల్లెలి సూది కూడా ఓకే చేసింది, పెద్దది పంపించు," అన్నాడు. సూదక్కకి తల కొట్టేసినట్టయింది. గేజిని గుడ్డలో చుట్టి డబ్బాలో పడేసి మూత ధడాలున వేసింది. మధ్యాహ్నం వదిన కంచం పెట్టి పిలిస్తే, ఆకలి లేదంది.

"అన్నం మీద అలకేంటమ్మా? ఆయన నవ్వితే నవ్వనీ. నేను పెళ్ళయినప్పట్నుంచీ వింటున్నాను ఆ నవ్వు, చచ్చానా?" అంది వదిన.

అలక కాదు. అన్నయ్య గెలిచినందుకు కూడా కాదు. ఏ మార్పూ చెయ్యని ఇంజను, కంపెనీలో ఎలా బిగించారో అలాగే ఉన్న ఇంజను. దానికి సూది ఆరు దగ్గర నిలబడే హక్కు లేదు. ఎక్కడో ఏదో అబద్ధం ఆడుతోంది. అదేంటో తెలిస్తే గానీ ఆమెకి ముద్ద దిగదు.

బుధవారం పార్టు వచ్చింది. తళతళలాడే కొత్త థ్రాటిల్ బాడీ. నోరు టీకప్పంత ఉంది. అన్నయ్య దాన్ని బల్లమీద పెట్టి, "మధ్యాహ్నానికి బిగించెయ్," అని బ్యాంకు పనిమీద వెళ్ళాడు.

ఆమె పాతదానికి పెడలు నుంచి వచ్చే కేబులు తప్పించింది. బోల్టులు వదులు చేసే ముందు, అలవాటుకొద్దీ, లివరుని వేలితో తిప్పింది. బిళ్ళ బార్లా తెరుచుకుంది. వదిలేసింది, మూసుకుంది. మళ్ళీ తిప్పబోయి ఆగి, టార్చి వేసి చూసింది.

కేబులు చుట్టుకునే గాడిలో, ఏళ్ళ తరబడి తీగ రాసుకుని లోహం అద్దంలా మెరుస్తోంది. కానీ ఆ మెరుపు మూడో వంతు దాకానే ఉంది. అక్కణ్ణుంచి చివరిదాకా నల్లటి జిడ్డు, ముట్టుకున్నవాళ్ళు లేరు. అంటే ఈ తలుపు ఏళ్ళుగా మూడో వంతుకి మించి తెరుచుకోలేదు.

ఆమె కేబులు మళ్ళీ తగిలించింది. "వదినా, ఒక్కసారి ఇలా వచ్చి సీట్లో కూర్చో."

"నాకేం వచ్చని?"

"కూర్చోవడం వచ్చుగా. ఇంజను ఆపే ఉంది. కుడి చేతివైపు చివరి పెడలు. నేలకానేదాకా తొక్కు."

"తొక్కాను."

"ఇంకా."

"ఇంకెక్కడికి తొక్కమంటావు, నేలలోకి దిగిపోనా?"

బిళ్ళ మూడో వంతు తెరుచుకుని ఆగింది. సూదక్క స్పానరు పడేసి, వదినని దింపి, స్టీరింగు కింద తల దూర్చింది. రబ్బరు మ్యాట్ పైకెత్తింది.

పెడలు కింద నేలకి బిగించి ఒక చెక్క దిమ్మ ఉంది. రెండు వేళ్ళ మందం. మీద నల్ల రబ్బరు అతికించారు, మ్యాట్ రంగుతో కలిసిపోయింది. కాలికి అది నేలలాగే తగులుతుంది. అన్నయ్య తొక్కింది నేల కాదు, చెక్క. సూది అబద్ధం ఆడలేదు. సగం కూడా తెరవని తలుపు దగ్గర నిలబడి, ఇరుకుగా ఉందని ఉన్నమాటే చెప్పింది.

కోపం ఒక్కసారిగా తలకెక్కింది. ఏ దరిద్రుడు చేశాడీ పని? మ్యాట్ కింద చెక్క బిగించి, ఎవరికీ చెప్పకుండా, బండిమీద ఒక చీటీ అయినా అంటించకుండా. ఆ చేతులు విరగ్గొట్టాలి. తిట్టుకుంటూ టార్చి దగ్గరకి పట్టింది.

చెక్క అంచులు ఆకురాయితో గుండ్రంగా అరగదీసి ఉన్నాయి. నాలుగు స్క్రూలు. నాలుగింటి గాట్లూ ఒకే దిక్కుకి తిరిగి ఉన్నాయి.

అలా బిగించే పిచ్చిది ఆ ఊరు మొత్తంలో ఒక్కతే ఉంది.

ఆమె వేలితో ఒక్కో గాటూ తడిమింది. ఎనిమిదేళ్ళయి ఉంటుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళు కంగారులో పెడలు మొత్తం తొక్కేస్తున్నారని, అడ్డం ఏదైనా పెట్టమని మేష్టారు అడగడం, తను పెట్టడం ఇప్పుడు గుర్తొచ్చింది. చదును గ్రౌండులో మొదటి గేరులో తిరిగే బండికి అది ఎన్నడూ అడ్డం రాలేదు. ర్యాంపు వచ్చేసరికి వచ్చింది.

అన్నయ్య వచ్చాక చూపించింది. ఆయన వంగి చూసి, మొదట నోరు తెరిచాడు, తర్వాత మూశాడు, తర్వాత నవ్వాడు.

"మంచిదే. చెక్క పీకెయ్. పెద్దది బిగించెయ్. మూడో కంటికి తెలియక్కర్లేదు."

"చెక్క తీస్తే పాతదే చాలు. పెద్దది ఎందుకు?"

"తెప్పించాం కాబట్టి. పైగా తప్పెవరిది? నీ చెక్క, నీ స్క్రూలు. నీ పరువు కాపాడుతున్నా, సంతోషించు."

అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో ఆమెకి అప్పుడు తెలిసింది. తప్పు తనది. నిజమే. కానీ ఆ తప్పుని తన నోటికి గుడ్డలా కుక్కుతున్నాడు ఈ మనిషి. రేపు పెద్ద నోటి బండి ఎవరిమీదకైనా ఉరికితే, అప్పుడు కూడా ఇదే మాట అంటాడు.

"నా పరువు నేను చూసుకుంటాలే," అంది. పాత థ్రాటిల్ బాడీని విప్పి, లోపలి మసంతా కడిగి, బిళ్ళ అంచులు మెత్తటి గుడ్డతో తుడిచి, దాన్నే మళ్ళీ బిగించింది. అన్నయ్య అరుస్తున్నంతసేపూ బిగిస్తూనే ఉంది.

సాయంత్రం మేష్టారు వచ్చారు. సూదక్క చెక్కదిమ్మ తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టింది.

"ఇది మీ పెడలు కింద ఉంది మేష్టారూ. బిగించింది నేనే. మర్చిపోయాను. మీ బండికి ఏ రోగమూ లేదు. పెద్ద థ్రాటిల్ బాడీ అక్కర్లేదు."

మేష్టారు చెక్కని అటూ ఇటూ తిప్పి చూశారు. చెవులు ఎర్రబడ్డాయి. "బిగించమన్నది నేనే కదమ్మా. నేనూ మర్చిపోయాను. అక్కడ మ్యాట్ ఉంది, నేల ఉంది అనే అనుకుంటున్నాను." చెక్కని బల్లమీద పెట్టి, "నువ్వు బిగించాక ఒకసారి నడిపి చూసుకుని ఉంటే ఎంత తగ్గిందో నీకు గుర్తుండేది," అన్నారు.

"నేను నడపను. రోడ్డు టెస్టు అన్నయ్యదే."

"నడపవా, నడపడం రాదా?"

జవాబు అన్నయ్య చెప్పాడు. "దానికి స్టీరింగు ఏ వైపు తిరుగుతుందో కూడా తెలీదు మేష్టారూ. మీరు దాని మాటలు పట్టించుకోకండి. ఎల్లుండి బండి ఎక్కకపోతే పూచీ ఎవరిది? పెద్దది వేస్తే నాది."

"వెయ్యకపోతే నాది," అంది సూదక్క.

మేష్టారు ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. స్కూలు ఆయనది, పోతే ఆయనకే పోతుంది. జేబులోంచి పెన్ను తీశారు, మళ్ళీ పెట్టుకున్నారు.

"ఒక ఇబ్బందుంది," అన్నారు చివరికి. "నేను ఎక్కించి చూస్తే లాభం లేదు. నాది ముదిరిన కాలు. మా స్టూడెంట్లు అందరూ చెక్కకి అలవాటు పడ్డవాళ్ళు. చెక్క లేని పెడలుతో పచ్చి కాలు ఈ బండిని ఉరికించకుండా ఎక్కించగలదా, అదీ నాకు తెలియాల్సింది. ఎన్నడూ బండి నడపని మనిషి కావాలి." సూదక్క వైపు తిరిగారు. "రేపు పొద్దున గ్రౌండుకి రా. నువ్వే ఎక్కిద్దువుగాని."

"దానికి రాదంటున్నాగా!" అన్నాడు అన్నయ్య.

"రానివాళ్ళకి నేర్పడమే కదయ్యా నా పని," అన్నారు మేష్టారు.

గురువారం ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. గ్రౌండు చుట్టూ ఇనప కంచె, మధ్యలో కొత్త సిమెంటు ర్యాంపు, ఇటువైపు ఎక్కడానికి, అటువైపు దిగడానికి. ఎక్కే వాలులో సగానికి తెల్లగీత. ఇన్స్పెక్టరు బరువు కూడా ఉండాలని వెనకసీట్లో వదినని కూర్చోబెట్టారు. "నా బరువు ఇన్నాళ్ళకి పనికొచ్చింది," అంది వదిన. అన్నయ్య తన స్కూటరుమీద వెనకే వచ్చాడు. కంచె పక్కన నిలబడ్డాడు. కొత్త థ్రాటిల్ బాడీ డబ్బా చంకలో ఉంది.

చదునులో గంటసేపు నడిపించారు మేష్టారు. తర్వాత బండిని తెల్లగీత దగ్గరకి తానే తెచ్చి, హ్యాండ్ బ్రేకు వేసి, సీటు ఆమెకిచ్చారు.

మొదటిసారి ఇంజను ఆగిపోయింది. కంచె దగ్గర్నుంచి నవ్వు వినపడింది. అదే నవ్వు. రెండోసారి ఆమె కాలు పెడలు మీద ధన్‌మని పడింది. బండి ఎగిరి ముందుకు దూకింది. మేష్టారు బ్రేకు తొక్కి, హ్యాండ్ బ్రేకు లాగారు. వదిన తల ముందు సీటుకి కొట్టుకుంది.

"చెప్పానా?" అన్నయ్య కేక వేశాడు. "దిగు. నేను ఎక్కిస్తా."

ఆమె దిగలేదు, తాళం గట్టిగా తిప్పి మళ్ళీ స్టార్టు చేసింది.

"కోపం వచ్చిందా?" అన్నారు మేష్టారు నెమ్మదిగా.

"ఒళ్ళంతా మండిపోతోంది."

"రానీ. నోట్లో పెట్టుకో, చేతుల్లో పెట్టుకో. కాలిలోకి మాత్రం దించకు. కాలు నీది కాదు, ఇంజనుది."

ఆ మాట ఆమెకి అర్థమైంది. ఇరవై రెండేళ్ళు బయట నిలబడి విన్న ఇంజను అది. సీట్లో కూర్చుంటే మాత్రం మారిపోతుందా? కాలి బొటనవేలితో వెంట్రుకవాసి నొక్కింది. చప్పుడు కొంచెం బరువెక్కింది. ఇంకో వెంట్రుకవాసి. క్లచ్చు వదులుతుంటే ముందుభాగం లేచి, పట్టు దొరికిన చోట ఇంజను గొంతు కుంగింది. దానికేం కావాలో ఆమెకి తెలుసు, గాలి. ఇచ్చింది. హ్యాండ్ బ్రేకు దింపింది. పెడలు లోపలికి దిగింది, ఒకప్పుడు చెక్క ఉన్న చోటు దాటి ఇంకా దిగింది. బండి ఉరకలేదు, జారలేదు. ముగ్గుర్నీ మోసుకుని ఎక్కేసి, ర్యాంపు పైన నిలబడింది.

మేష్టారి కుడికాలు బ్రేకుకి దూరంగా, కదలకుండా ఉంది. ఆయన దానివైపే వింతగా చూస్తున్నారు.

"రేపటికి ఇది చాలమ్మా," అన్నారు. వెనక వదిన ముక్కు చీదుకుంది.

అన్నయ్య అవతలి వాలు ఎక్కి వచ్చాడు. డబ్బాతో సహా బానెట్ ముందు నిలబడి చూసి, కిటికీ దగ్గరకొచ్చి అద్దం మీద తట్టాడు. ఆమె అద్దం నాలుగు వేళ్ళ మేర దింపింది.

"ఎలా ఉంది?" అన్నాడు. నవ్వు లేదు. నిజంగానే అడుగుతున్నాడు. పాతికేళ్ళుగా అందరికంటే ముందు తనకే తెలిసే సంగతి మొదటిసారి ఇంకొకళ్ళ నోట వినాల్సి వచ్చింది. "లాగుతోందా? ఎక్కడైనా తడబడుతోందా? చెప్పు."

ఆమె రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుంది.

"రోడ్డు టెస్టయ్యాక చెప్తాలే అన్నయ్యా," అంది.

అద్దం పైకి తిప్పింది. బండి కదిలింది. అన్నయ్య పక్కకి తప్పుకున్నాడు.